ఎంత పొదుపు చేసినా బిల్లులు తగ్గట్లేదు, ఇంట్లో డబ్బు ఎక్కడ పోతోందో ఎలా కనిపెట్టాలి?

లెక్కలపుస్తకం:
అందరికీ నమస్కారం అండి, ఇక్కడ మొదటిసారి రాస్తున్నా. ఇంట్లో మేం నలుగురం, ఇద్దరు పిల్లలు. ఆర్నెల్లుగా ఖర్చు తగ్గించాలని గట్టిగా పట్టుకున్నా. గదిలోంచి బయటికొస్తే లైట్ ఆపడం, ఫోన్ ఛార్జర్లు పీకేయడం, టిష్యూలు మానేసి పాత గుడ్డలు వాడడం, అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికించడం ఇవన్నీ చేస్తున్నాం. లైట్ ఆపలేదని రోజూ పిల్లల మీద అరుస్తున్నా, తర్వాత నాకే బాధేస్తుంది. ఇంత చేసినా కరెంటు బిల్లు కదల్లేదు, సరుకుల ఖర్చూ అంతే ఉంది. మీ ఇళ్లల్లో నిజంగా తేడా తెచ్చిన పనులేంటో చెప్తారా? ఎక్కడో విన్నవి వద్దండి, మీరు చేసి చూసినవి చెప్పండి.

మీటరు_మనిషి:
అక్కా, ముందు ఛార్జర్ల సంగతి వదిలేయండి. ఫోన్ తగిలించకుండా ఊరికే ప్లగ్‌లో ఉన్న ఛార్జర్ చాలావరకు అర వాట్ కూడా లాగదు, నెలంతా ఉంచినా అర యూనిట్ లోపే. ఇప్పుడు గీజర్ చూడండి. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి కాగాలంటే ఒక యూనిట్ పైనే పడుతుంది, ఏ కంపెనీ గీజరైనా ఇంతకంటే తక్కువలో కాచలేదు, ఎందుకంటే అన్ని నీళ్లు అంత వేడెక్కడానికి కావాల్సిన వేడే అంత. అంటే గీజర్ ఒక్కసారి నిండా కాగిన కరెంటుతో ఛార్జర్ రెండు నెలలకి పైగా అలా ఉండిపోవచ్చు. ఇంట్లో వేడి పుట్టించేవి, చల్లబరిచేవి, నీళ్లు తోడేవి, ఈ మూడు రకాలే కరెంటు తినేస్తాయి.

ఒక పని చేయండి. రాత్రి అందరూ పడుకునే ముందు ఫ్రిజ్‌తో సహా అన్నీ ఒక్క పది నిమిషాలు ఆపేసి మీటరు దగ్గర నిలబడండి. డిజిటల్ మీటరైతే ఎర్ర లైట్ మెరుస్తూ ఉంటుంది, పక్కన 1600 అనో 3200 అనో రాసి ఉంటుంది, అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అన్నమాట. 3200 మీటర్లో నిమిషానికి ఒకసారి మెరిస్తే 19 వాట్లు ఎక్కడో పోతున్నట్టు. అన్నీ ఆపినా మెరుస్తుంటే ఎంసీబీలు, అంటే మెయిన్ బోర్డులో ఒక్కో లైన్‌కి ఉండే స్విచ్‌లు, ఒక్కొక్కటే దించుకుంటూ పోండి, ఏది దించితే ఆగిందో ఆ లైన్లోనే ఉంది విషయం. మా ఇంట్లో అలాగే టీవీ పక్కనున్న సెట్‌టాప్ బాక్స్ దొరికింది, రిమోట్‌తో ఆపినా 10 వాట్లు లాగుతూనే ఉండేది, అది నెలకి 7 యూనిట్లు.

వంటిల్లు_నాది:
నేను వంటింటి వైపు చెప్తా. ముందు స్టవ్ మంట రంగు చూడండమ్మా. నీలంగా ఉండాలి. పసుపుగా, ఎర్రగా వస్తూ గిన్నె అడుగున మసి పడుతుంటే బర్నర్ చిల్లులు మూసుకుపోయాయనో గాలి సరిగా అందట్లేదనో అర్థం, గ్యాసూ వృథా, పైగా ఆ మంటకి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, అది ఒంటికి ప్రమాదం. నేను బర్నర్ చల్లారాక తీసి పాత టూత్‌బ్రష్, పిన్నుతో చిల్లులు శుభ్రం చేసి బాగా ఆరాక పెడతా. గిన్నె అంచులు దాటి మంట పైకి రాకూడదు, మూత లేకుండా ఏదీ మరగబెట్టకూడదు. కుక్కర్ లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది, ప్రెషర్ వచ్చాక మంట బాగా తగ్గించినా ఆ వేడి నిలుస్తుంది. చాలామంది మొదటి విజిల్ తర్వాత కూడా మంట పెద్దగానే ఉంచుతారు, ఆవిరి రూపంలో బయటికి పోయేదంతా మనం కొన్న గ్యాసే. గాస్కెట్, అదే మూతలోని రబ్బరు, వదులైతే వెంటనే మార్చండి, అక్కడ మాత్రం పొదుపు వద్దు.

గట్టి గింజలు వండే రోజైతే నానబెట్టి, ఒకసారి బాగా మరిగించి, దించి మూతతో సహా మందపాటి దుప్పట్లో చుట్టి పెట్టేస్తా, గంటన్నర రెండు గంటలకి చాలావరకు ఉడికిపోతాయి, తినే ముందు మళ్లీ పొంగు వచ్చేదాకా కాస్తా. గిన్నె బరువైనదై ఉండాలి, నిండుగా ఉండాలి, మధ్యలో మూత తీయకూడదు. రాజ్మా లాంటివి మాత్రం పూర్తిగా 10 నిమిషాలకి పైగా గలగలా మరిగించకుండా ఇలా చుట్టొద్దు, పచ్చి గింజల్లో ఉండేది కడుపుని పాడుచేస్తుంది.

సూదీదారం:
లెక్కలపుస్తకం గారూ, సరుకుల ఖర్చు తగ్గలేదన్నారు కదా, ఎంత కొంటున్నామన్నది రాస్తున్నారా, ఎంత పారేస్తున్నామన్నది రాస్తున్నారా? నేను రెండేళ్లు కొన్నవి మాత్రమే రాశా, ఏమీ మారలేదు. తర్వాత ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి పారేసిన ప్రతిదీ రాయడం మొదలుపెట్టా, మూడు వారాలకే తెలిసింది మా ఇంట్లో పోయేదంతా ఆకుకూరలు, మిగిలిన కూరలు. చౌకగా ఉన్నాయని రెండు కట్టలు తేవడం, ఒకటి కుళ్లిపోవడం. ఇప్పుడు ఆకుకూర తెచ్చిన రోజే వండుతాం, లేకపోతే తేం. ఫ్రిజ్‌లో ఒక అరని ముందు తినాల్సినవాటికి వదిలేశా, ఎవరికి ఆకలేసినా మొదట ఆ అరే చూడాలి. అరటిపండ్లు, యాపిల్స్ మిగతా కూరగాయల పక్కన పెట్టకండి, వాటినుంచి వచ్చే వాయువుకి పక్కనున్నవి త్వరగా పండిపోతాయి. ఉల్లి, బంగాళదుంప కూడా వేరువేరుగా.

ఇంకోటి, ప్యాకెట్ మీద బెస్ట్ బిఫోర్ అని ఉంటే ఆ తేదీలోపు రుచి, నాణ్యత బాగుంటాయని, తేదీ దాటిన రోజే పారేయక్కర్లేదు, చూసి వాసన చూసి వాడుకోవచ్చు. యూజ్ బై అని ఉంటే మాత్రం ఆ తేదీ తర్వాత వద్దు, అక్కడ వాసన చూసి నిర్ణయించకండి.

నలుగురి_ఇల్లు:
నేను కొంచెం వేరేగా అంటా. చిన్నవి వదిలేయండి అంటున్నారు కానీ మా ఇంట్లో అలవాటు నిలబడింది చిన్నవాటివల్లే. పెద్దవి ఒకసారి చేసి మర్చిపోతాం, కొత్త ఫ్యాన్ కొన్నాం అయిపోయింది. లైట్ ఆపడం రోజూ గుర్తుచేస్తుంది ఇల్లు మనది అని. పిల్లలకి అది నేర్పడం తప్పెలా అవుతుంది?

మీటరు_మనిషి:
తప్పని అనలేదండి నేను, నేర్పాల్సిందే. కానీ అక్క పిల్లల మీద అరుస్తున్నా, బాధేస్తోంది అన్నారు, అందుకే ఆ మాట. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటసేపు మర్చిపోతే యూనిట్‌లో నూరో వంతు కూడా కాదు. పాత 60 వాట్ల బల్బుల కాలంలో అరవడానికి కొంచెం అర్థం ఉండేదేమో. ఆ ఓపికంతా ఒక్క ఆదివారం గీజర్ మీద పెడితే, అంటే థర్మోస్టాట్ (నీళ్లు ఎంత వేడెక్కాలో పెట్టే మీట) తగ్గించడం, స్నానానికి ముందు వేసి అవ్వగానే ఆపడం, అందరూ వరుసగా స్నానాలు చేయడం, దానికే నెల బిల్లులో తేడా కనిపిస్తుంది. థర్మోస్టాట్‌ని 50 కిందికి మాత్రం దించకండి, గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫ్యాన్ల సంగతి కూడా చూడండి. మామూలు ఫ్యాన్ 70, 75 వాట్లు, బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్నది 30 లోపు, రోజుకి 12 గంటలు తిరిగే ఫ్యాన్ ఒక్కటి మారిస్తే నెలకి 16 యూనిట్లు. రోజుకి గంట తిరిగే గదిలో మార్చకండి, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

కుళాయి_కింద:
ఎవరూ నీళ్ల గురించి అడగలేదేంటి? కుళాయి కారుతుంటే కింద 250 మి.లీ. గ్లాసు పెట్టి టైమ్ చూడండి. 15 నిమిషాల్లో నిండితే గంటకి లీటరు, నెలకి 720 లీటర్లు. చిన్న వాషర్‌తో పోయే పని అది. అంతకంటే మోసం చేసేది ఫ్లష్ ట్యాంక్, చప్పుడు ఉండదు, నేల తడవదు, లోపలికే కారిపోతుంటుంది. ట్యాంక్ మూత తీసి కొంచెం ఫుడ్ కలర్ వేసి అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి, కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు వాషర్ పోయినట్టే. మోటారుతో నీళ్లు పైకెక్కించుకునే ఇల్లయితే ఆ కారే నీళ్లకి కరెంటు కూడా మీరే కడుతున్నారు.

చల్లనిపెట్టె:
ఫ్రిజ్ గురించి నాదో మాట. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 చాలు, దానికంటే చల్లగా పెట్టినా వస్తువులు ఇంకేం బాగుపడవు. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టట్లేదని, ముందు సబ్బునీళ్లతో తుడిచి చూడండి, చాలాసార్లు జిడ్డే కారణం. వేడి గిన్నె అలాగే లోపల పెట్టకుండా ఆవిరి తగ్గాక పెట్టండి, కానీ రెండు గంటలకంటే బయట ఉంచకండి.

తళతళ:
శుభ్రం చేసే మందులకి చాలా ఖర్చవుతుంది మా దగ్గర. బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి ఒక సీసాలో పోసి పెట్టుకుంటే అన్నింటికీ పనికొస్తుందని చూశా, చేశా కానీ ఏమీ పోవట్లేదు, ఎందుకని?

వంటిల్లు_నాది:
కలపడమే తప్పమ్మా. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, కలిస్తే బుస్సున పొంగి గ్యాస్ పోతుంది, మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్ల లాంటిదే. విడివిడిగా వాడు. కుళాయి మీద తెల్లటి ఉప్పు పొరకి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి గంట ఉంచు, గిన్నెల మీద జిడ్డు మాడుకి సోడా ముద్ద రాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో తల్లీ, బ్లీచింగ్‌ని వెనిగర్‌తో కానీ టాయిలెట్ యాసిడ్‌తో కానీ అమ్మోనియా ఉన్నవాటితో కానీ ఎప్పుడూ కలపకు. విషవాయువు వస్తుంది. మా చెల్లెలు తలుపేసుకున్న బాత్రూంలో ఒకదాని మీద ఇంకోటి పోసి ఊపిరాడక బయటికి పరిగెత్తింది, రెండు రోజులు దగ్గింది.

సూదీదారం:
బట్టల సబ్బు పొడి కూడా చూడండి తళతళ గారూ. మూతలో గీత ఎక్కడుందో అక్కడిదాకే వేయాలి, ఎక్కువేస్తే ఎక్కువ తెల్లబడవు, నురగ పోక ఇంకోసారి జాడించాలి, నీళ్లూ పోతాయి బట్టా గరుకెక్కుతుంది. మెషిన్లో వేడినీళ్ల ప్రోగ్రామ్ రోజూ వద్దు, అందులో కరెంటు ఎక్కువభాగం నీళ్లు కాచడానికే పోతుంది.

లెక్కలపుస్తకం:
అందరికీ చాలా థాంక్స్ అండి, రెండు వారాల తర్వాత రాస్తున్నా. కుళాయి_కింద గారూ, మీ రంగు పరీక్ష చేశా. పది నిమిషాల్లోనే కిందకి ఎర్రగా దిగింది. ఎన్నాళ్ల నుంచి కారుతోందో తెలీదు. అప్పుడు అర్థమైంది మాకు రోజుకి రెండుసార్లు మోటారు ఎందుకు వేయాల్సి వస్తోందో, పిల్లలు నీళ్లు ఎక్కువ వాడుతున్నారనే అనుకున్నా ఇన్నాళ్లూ. వాషర్ మార్చాక ఒక్కసారి వేస్తే చాలుతోంది. మాది ఒక హెచ్‌పీ మోటారు, రోజుకి 40 నిమిషాలు తగ్గింది, లెక్కేస్తే నెలకి 20 యూనిట్ల దాకా వస్తోంది. పిల్లలిద్దర్నీ పిలిచి మీరు కాదర్రా ట్యాంకే కారుతోంది అని చెప్పా. చిన్నోడు ఇప్పుడు రోజూ స్కూల్ నుంచి రాగానే మీటర్ రీడింగ్ రాస్తున్నాడు గోడకి అంటించిన కాగితం మీద.

పారేసినవాటి కాగితం కూడా మొదలుపెట్టా, ఇప్పటికి తొమ్మిది రోజులు, అందులో ఆరుసార్లు రాత్రి మిగిలిన కూరే ఉంది. వండేది తగ్గించాలా, మర్నాడు పొద్దున్నకి వాడేలా ప్లాన్ చేయాలా అని చూస్తున్నా. మీరెలా చేస్తారు?

కుళాయి_కింద:
చాలా సంతోషంగా ఉందండి. ఒక్క విషయం, వాషర్ మార్చారు కదా, లోపల తేలే బాల్ ఉంటుంది చూడండి, నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు అంచుకంటే ఒక అంగుళం కిందే ఆగేలా దాన్ని సర్దండి. లేకపోతే పైనుంచి కారుతుంది.

సూదీదారం:
మిగిలిన కూరకి మేం గరిటె లెక్క పెట్టుకున్నాం. ఎన్ని గరిటెలు వండితే ఎన్ని మిగులుతున్నాయో వారం రాశా, రెండు గరిటెలు తగ్గించా, ఎవరికీ తక్కువ కాలేదు.