అమ్మ కల్చర్ రిపోర్టులో మాత్రకి ‘ఎస్’ ఉంది, మరి సూది ఎందుకు?

వేలచ్చేరి అమ్మాయి:
మా అమ్మకి 71 ఏళ్ళు, షుగర్ ఉంది. నెలలో రెండోసారి మూత్రంలో మంట, ఈసారి చలిజ్వరం, నడుం పక్కన నొప్పి. మొదటిసారి మందుల షాపులో అడిగి సెఫిక్సిమ్ వేశాం. ఇప్పుడు కల్చర్‌లో (మూత్రంలోని క్రిమిని పెంచి, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) ఈ.కోలై అనే క్రిమి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్. సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్ససిన్ ‘ఆర్’, అంటే క్రిమి లొంగదు. నైట్రోఫ్యూరంటాయిన్ మాత్ర, మెరోపెనెమ్ సూది ‘ఎస్’, అంటే లొంగుతుంది. డాక్టరుగారు అడ్మిట్ అవ్వమంటున్నారు. మాత్రతో కాదా?

పెరంబూరు ల్యాబ్ తాత:
కాదమ్మా. చలిజ్వరం, నడుం నొప్పి అంటే కిడ్నీ దాకా పాకిందన్న అనుమానం. నైట్రోఫ్యూరంటాయిన్ మూత్రంలో బాగా చేరుతుంది కానీ కిడ్నీ కండలోకి, రక్తంలోకి చాలినంత ఎక్కదు. ల్యాబ్ ప్లేటుకి జబ్బు ఎక్కడుందో తెలియదు కదా! ఈఎస్‌బీఎల్ అనేది ఈ క్రిమి తయారుచేసే ఎంజైము, సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్ మందుల్ని విరగ్గొడుతుంది, అందుకే మెరోపెనెమ్ దాకా వెళ్తున్నారు. ఇంకోమాట. మెరోపెనెమ్ ఎదురుగా 0.25, నైట్రోఫ్యూరంటాయిన్ ఎదురుగా 16 అని ఉంటే ఆ అంకెలు (క్రిమి పెరగకుండా ఆపడానికి కావలసిన కనీస మందు) పోల్చకండి. ఎంత అంకె దాకా ‘ఎస్’ అనే గీత ఏ మందుకి దానిదే. నా సర్వీసంతా జనం ఇదే అడిగారు.

అంబత్తూరు అబ్బాయి:
మా నాన్నకి రక్తంలో కూడా ఇదే క్రిమి పెరిగింది. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే ఇంకో సూది మందుకి ‘ఎస్’ ఉన్నా మెరోపెనెమే ఇచ్చారు. 2018లో అచ్చయిన మెరినో ట్రయల్‌లో, ఇలాంటి రక్త ఇన్ఫెక్షన్లకి 30 రోజుల్లో మరణాలు పిపెరాసిలిన్ వాళ్ళలో 12.3 శాతం, మెరోపెనెమ్ వాళ్ళలో 3.7 శాతం. తగ్గాక మెరోపెనెమ్ జాతిదే అయిన ఎర్టాపెనెమ్ సూదికి మార్చారు. రోజుకి ఒక్కసారే కాబట్టి నర్సు ఇంటికే వచ్చి వేసేది. అక్కా, అమ్మ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) చెప్పారా డాక్టర్లకి? డోసు దాన్నిబట్టే.

వేలచ్చేరి అమ్మాయి:
1.6. చెప్పాను తమ్ముడూ. ఆ సెఫిక్సిమ్ కొన్నది నేనే. రాత్రంతా అదే ఆలోచన.

వడపళని ఫార్మసిస్ట్:
దానివల్లే అయిందని ఎవరూ తేల్చలేరమ్మా, ఈ క్రిమి పేగుల్లో ముందునుంచే ఉండొచ్చు. చీటీ లేకుండా ఇచ్చిన షాపుదే తప్పు. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందు; 2014 మార్చి నుంచి చీటీ చూసి, రిజిస్టరులో రాసి మరీ ఇవ్వాలి. ఈ ఊళ్ళోనే 2012లో డాక్టర్ల సంఘాలు చెన్నై డిక్లరేషన్‌లో ఇలాంటి అమ్మకాలకి అడ్డుకట్ట వేయమన్నాయి. ఈ వృత్తిలో ఉండి చెప్తున్నా, నాకు సిగ్గుగా ఉంది.

వేలచ్చేరి అమ్మాయి:
నాలుగో రోజు. కిడ్నీ చూసి మెరోపెనెమ్ రోజుకి రెండుసార్లే ఇస్తున్నారు. జ్వరం లేదు. కోర్సు అయ్యాక మళ్ళీ కల్చర్ చేయించాలా తాతగారూ?

పెరంబూరు ల్యాబ్ తాత:
మంట, జ్వరం లేకపోతే వద్దు తల్లీ. ఆ వయసులో బాధ లేకుండానే మూత్రంలో క్రిములు కనబడతాయి. రిపోర్టు చూసి భయపడి మళ్ళీ మందు మొదలుపెడతారు.