జాతరలో లైసెన్సు తుపాకీ పేల్చొచ్చా?

ప్రశ్న:
మా ఊరి అమ్మవారి జాతరలో రథం కదిలేటప్పుడు గాల్లోకి రెండు రౌండ్లు కాల్చడం పాత ఆనవాయితీ. కాల్చే పెద్దాయన డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు ఉంది. అది చాలదా? ఖాళీ తూటాలైతే (గుళ్లు లేకుండా మోత మాత్రమే చేసేవి) కేసు ఉండదంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
చాలదండి. ముందు ఆయన లైసెన్సులోని షరతులు చదివించండి. సంతలకు, మతపరమైన ఊరేగింపులకు, జనం గుమిగూడే చోట్లకు ఆయుధం తీసుకెళ్లాలంటే జిల్లా మేజిస్ట్రేట్ ప్రత్యేక అనుమతి ఉండాలని అందులోనే ఉంటుంది. అంటే కాల్చకపోయినా సరే, తుపాకీ భుజానేసుకుని ఊరేగింపులోకి రావడమే తప్పు. ఆయుధాల చట్టం సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు రద్దయ్యే ప్రమాదం వేరే.

కాలిస్తే సెక్షన్ 25(9). వేడుకల్లో కాల్పుల కోసమే 2019 సవరణలో దీన్ని చేర్చారు. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరికీ గాయం కానక్కర్లేదు, జనం ప్రాణాలకు ముప్పు తెచ్చేలా కాల్చడమే నేరం.

జవాబు 2:
ఖాళీ తూటాల మాట నమ్మకండి. 2016 ఆయుధాల నిబంధనల్లో 32వది చూడండి: పెళ్లి, సభ, సంత, ఊరేగింపు, ఇలా ఏ బహిరంగ కార్యక్రమంలోనూ తుపాకీ ఝళిపించకూడదు, కాల్చకూడదు. ఖాళీ తూటాల ఆయుధాలనూ అందులో పేరుపెట్టి చేర్చారు. పైగా ఖాళీ తూటాలోనూ తుపాకీ మందు ఉంటుంది. దగ్గర్లో ఉన్నవాళ్లకు గొట్టం నుంచి ఎగిసే వేడి వాయువు, తూటాలో మందును అదిమి ఉంచే బిరడా తగిలితే కన్ను పోతుంది.

అసలు తూటా అయితే, జనం తోపులాటలో చెయ్యి కాస్త వంగినా గుళ్లు ఆకాశంలోకి కాదు, మేడల మీద నిలబడి చూసేవాళ్ల మీదికి పోతాయి. ఉత్తరాఖండ్‌లో ఒక పెళ్లిలో పైకప్పు వైపు కాల్చిన కేసులో ప్రాణాలు పోయాయి. చంపే ఉద్దేశం లేకపోయినా 2020లో సుప్రీంకోర్టు పదేళ్ల శిక్ష వేసింది.

ప్రశ్నించినవారు:
జాతర రోజుల్లో ఇల్లు ఖాళీగా ఉంటుంది. తుపాకీ ఎక్కడ పెట్టమనాలి?

జవాబు 1:
పోలీస్ స్టేషన్‌లో గానీ, భద్రపరిచే అనుమతి ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ అప్పగించమనండి. రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క రాయించుకోవాలి. లైసెన్సు వెంట ఉంచుకోవాలి. తూటాలు తీసేసి, బయటికి ఏమాత్రం కనబడకుండా సంచిలో పెట్టి తీసుకెళ్లాలి. చివరి రోజు దాకా ఆగితే స్టేషన్ సిబ్బంది బందోబస్తులో ఉంటారు, జాతరకు ముందే ఈ పని ముగించండి.