పంపుసెట్టు పెట్రోల్ ఇంజిన్ పడవకు పనికొస్తుందా?

పాయ_పడవ: 16 అడుగుల ప్లైవుడ్ పడవ. ఇద్దరు మనుషులు, వలలు. యానాం దిగువ పాయల్లో వేటకి. పొలంలో వాడే 163 సీసీ ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కి, పడవని తోసే పంకా (ప్రొపెల్లర్) తిప్పే పొడుగు షాఫ్టు వేసి వెనక బిగిద్దామని. మోత తగ్గడానికి చెక్కపెట్టెలో మూసేయొచ్చా?

లేతు_మెషిన్: మూయొద్దండి. చల్లబరిచే ఫ్యాను ఫ్లైవీల్ మీదే ఉంటుంది, పెట్టెలో అది తను వదిలిన వేడిగాలినే మళ్లీ లాగుతుంది. ఆయిల్ పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. పైగా పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

తెప్ప_డీజిల్: అసలు పెట్రోలెందుకు? తీరంలో ఫైబర్ తెప్పల మీద 9, 10 హెచ్‌పీ ఎయిర్ కూల్డ్ డీజిలే కదా. తక్కువ స్పీడులోనే బలంగా లాగుతుంది, ఇంధనం ఖర్చూ తక్కువ.

లేతు_మెషిన్: తెప్పకి సరే అన్నా. ప్లైవుడ్ వెనక పలక ఆ బరువుకీ అదురుకీ ఆగదు, అతుకులు వదులుతాయి. ఈ పెట్రోల్ ఇంజిన్ 15 కిలోలే. అసలు చిక్కు వాలులో ఉంది. లోపల ఆయిల్ 600 మి.లీ. లోపే, అది చిమ్మితేనే లోపలి భాగాలకి తగులుతుంది. ఇంజిన్ 20 డిగ్రీలు దాటి వాలితే ఆయిల్ అందదు. పలక ఎత్తుగా ఉంటే షాఫ్టు పొడవు పెంచండి, ఇంజిన్‌ని వంచకండి.

పాయ_పడవ: షాఫ్టు నేరుగా కలపొచ్చా?

లేతు_మెషిన్: ముందు ఇంజిన్ షాఫ్టు మీద కీ గాడి (జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క కూర్చునే గాడి) ఉందో లేదో చూడండి. కొన్ని పంపుసెట్లకి మరలు కోసిన షాఫ్టు వస్తుంది, దానికి రెండు షాఫ్టుల్ని కలిపే కప్లింగ్ నిలవదు. పంకా చిన్నది వేయండి. పెద్దదైతే ఫుల్ రేజులో కూడా ఇంజిన్ నిమిషానికి 3600 తిప్పులకి దగ్గరకు రాక బరువుతో ఈడుస్తుంది. క్లచ్ లేదు కాబట్టి పంకా నీళ్లలోంచి ఎత్తే స్టార్టు చేయాలి, దగ్గర ఎవరూ ఉండకూడదు.

తెప్ప_డీజిల్: స్పీడు హద్దు దాటకుండా ఆపే గవర్నర్‌ని పీకేసే మెకానిక్కుల మాట వినకు తమ్ముడూ. కెరటానికి పంకా గాల్లోకి లేస్తే స్పీడు ఎగబాకి కనెక్టింగ్ రాడ్డు తెగుతుంది. ఆ పాయల్లో ఆటుకి ఉప్పునీరొస్తుంది. ఇంజిన్ చల్లారాక మంచినీళ్ల గుడ్డతో తుడువు, తాడు లాగే స్ప్రింగుకి నూనె రాయి. వేడి మీద నీళ్లు కొడితే సిలిండర్ చిట్లుతుంది.

మొగ_దాటి: ఇంకొకటి. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకెళ్తే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం మోటారు పడవకి వర్తిస్తుంది. తెడ్డు వేసే సంప్రదాయ పడవకి లేదు.

తెప్ప_డీజిల్: ఎందుకైనా మంచిది, తెడ్లు కూడా పడవలోనే ఉంచు. పలకని మాత్రం రెండు పొరలుగా వేయించు, అప్పుడు నా డీజిల్ సంగతి మాట్లాడదాం.