ఒకే హెడర్‌లోకి మూడు పంపులు: ఏ పంపు ఎంత నీరు ఇస్తోందో తేల్చడం ఎలా?

ప్రశ్న:
గాజువాక దగ్గర ఒక కర్మాగారంలో కూలింగ్ వాటర్ పంపుహౌస్ చూస్తుంటాను. ఒకే మోడల్ సెంట్రిఫ్యూగల్ పంపులు మూడు ఉన్నాయి, ఫ్లో మీటరు మాత్రం హెడర్ (మూడింటి నీరూ కలిసే ఉమ్మడి పైపు) మీద ఒక్కటే. మూడూ నడిస్తే గంటకు 1,350 ఘనపు మీటర్లు చూపిస్తుంది, మూడో పంపు ఆపితే 1,080కి దిగుతుంది. తేడా 270 మాత్రమే కాబట్టి ఆ పంపు అరిగిపోయిందని, ఓవర్‌హాల్‌కు విప్పమని మా పైఅధికారులు అంటున్నారు. ఈ లెక్క నిలుస్తుందా? పంపుకొక మీటరు కొనే వీలు లేదు.

జవాబు 1:
నిలవదండి. ఒక పంపు ఆగగానే హెడర్‌లో ప్రెషర్ పడిపోయి, మిగిలిన రెండూ తమ కర్వ్ (ఎంత ప్రెషర్‌కు పంపు ఎంత నీరు ఇస్తుందో చూపే గీత) మీద కుడివైపుకు జరిగి ఎక్కువ నీరు ఇస్తాయి. మూడూ సమానంగా ఉండి 450 చొప్పున ఇస్తున్నా, ఒకటి ఆపాక మిగిలినవి 540 చొప్పున ఇస్తే వచ్చే తేడా 270 మాత్రమే. కనుక ముందు ఒకటో పంపును, తర్వాత రెండో పంపును విడిగా ఆపి చూడండి. మూడుసార్లూ తేడా దాదాపు ఒకటే అయితే మూడో పంపు మీద నింద మోపడం అన్యాయం.

జవాబు 2:
అంకె కూడా కావాలంటే, ఒక్కో పంపును ఒంటరిగా నడిపి, మీటరు తర్వాతి వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ ప్రతి దశలో ఫ్లో, సక్షన్ (నీరు లోపలికి వచ్చే వైపు), డెలివరీ (బయటికి వెళ్ళే వైపు) ప్రెషర్లు, మోటారు కిలోవాట్లు రాసుకోండి. కంపెనీ ఇచ్చిన కర్వ్ కొత్త పంపుది; ఈ అంకెలతో గీసేది నేటి పంపుది. ఆపై మూడూ కలిసి నడిచేటప్పుడు ఒక్కోదాని హెడ్ (సక్షన్, డెలివరీ ప్రెషర్ల తేడాను నీటి ఎత్తుగా చెప్పే అంకె) చూసి ఈ కర్వ్ మీద ఫ్లో చదవండి, ఒక బార్ తేడాకు 10.2 మీటర్ల లెక్కన. డెలివరీ గేజ్ నాన్ రిటర్న్ వాల్వుకు (నీటిని వెనక్కి రానివ్వనిది) ముందు, పంపు వైపే ఉండాలి. హెడర్ మీద ఉంటే మూడింటికీ ఒకటే అంకె వస్తుంది.

అయితే 0–7 బార్ గేజ్ 1.6 క్లాసుదైతే (పూర్తి స్కేలులో 1.6 శాతం వరకు తప్పు), కొత్తదానిలోనే 0.11 బార్, అంటే మీటరుకు పైగా తప్పు ఉండవచ్చు. మన సముద్రపు గాలికి తుప్పు పట్టిన గేజ్ సంగతి చెప్పనక్కర్లేదు. కర్వ్ చదునుగా ఉన్నచోట ఆ ఒక్క మీటరే ఫ్లోను చాలా దూరం జరిపేస్తుంది. అందుకే ఒకే మంచి గేజ్‌ను మూడు పంపులకూ మార్చి బిగించండి, చదును భాగంలో హెడ్ కన్నా కిలోవాట్లను నమ్మండి. చివరికి మూడింటి మొత్తం హెడర్ మీటరుతో పోల్చాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మూడో పంపు ఆపినప్పుడు దాని షాఫ్ట్ నెమ్మదిగా వెనక్కి తిరుగుతోంది. దీని ప్రభావం ఉంటుందా?

జవాబు 1:
అసలు సంగతి ఇదేనండి. దాని నాన్ రిటర్న్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు, మిగిలిన పంపుల నీరు కొంత అందులోంచి వెనక్కి పోతోంది. అంటే మీ 1,080 కూడా తక్కువ చూపిన అంకె. పంపు ఆపాక డెలివరీ వాల్వు పూర్తిగా మూసి, మళ్ళీ రీడింగ్ తీసుకోండి. తిరుగుతున్న షాఫ్ట్ మీద మోటారు మాత్రం స్టార్ట్ చేయకండి.