బార్బడోస్ వాళ్లు సొంత నెట్‌లో కొట్టుకున్నది తెలివా, మోసమా? (ఆఫ్ టాపిక్)

టవర్‌క్లాక్_9, అనంతపురం · శుక్రవారం రాత్రి 9:20

ఈ వారం క్లబ్ మ్యాచుల్లేవు. అందుకే ఒక పాత సంగతి తెస్తాండా. విన్నోళ్లు కట్టుకథ అనుకుంటారు గానీ నిజంగా జరిగిందే.

1994 జనవరి, కరీబియన్ కప్ ఫుట్‌బాల్ క్వాలిఫయర్లు. గ్రూపులో మూడే టీములు: బార్బడోస్, గ్రెనెడా, ప్యూర్టో రికో. ఆ టోర్నీలో ఒక వింత రూలు పెట్టినారు. ఏ మ్యాచూ డ్రాగా ముగియకూడదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఎవరు ముందు కొడితే వాళ్లదే మ్యాచ్, పైగా ఆ గోల్డెన్ గోలుకు రెండు గోల్స్ లెక్క.

ఆఖరి మ్యాచ్ బార్బడోస్‌కు, గ్రెనెడాకు. ముందుకు పోవాలంటే బార్బడోస్ రెండు గోల్స్ తేడాతో గెలవాల. ఒక్క గోలు తేడాతో గెలిస్తే గ్రెనెడానే ముందుకు పోతుంది. 2-0తో బార్బడోస్ హాయిగా ఉండింది. 83వ నిమిషంలో గ్రెనెడా ఒకటి కొట్టింది. 2-1. ఇంక ఏడు నిమిషాలే. ఇంకో గోలు కోసం కాసేపు తన్నులాడినారు, కుదరలేదు. 87వ నిమిషంలో సీలీ అనే డిఫెండరు వాళ్ల కీపరుకే ఒకటి రెండు పాసులిచ్చి, బాలును నేరుగా సొంత నెట్‌లోకి పంపించినాడు. 2-2. ఎందుకంటే డ్రా అయితే ఎక్స్‌ట్రా టైమ్ వస్తుంది, అక్కడ ఒక్క గోలు కొడితే రెండు!

గ్రెనెడా వాళ్లకు విషయం అర్థమైంది. వాళ్లకు ఇప్పుడు ఏదో ఒక గోలు కావాల, యా పక్కయినా సరే. 3-2తో గెలిచినా ముందుకే, తమ నెట్‌లో తామే వేసుకుని 3-2తో ఓడినా ముందుకే. ఆ కడపటి నిమిషాల్లో బార్బడోస్ సగం మంది తమ గోలు కాడ, సగం మంది ఎదుటోళ్ల గోలు కాడ కాపలా కాసినారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బార్బడోస్ కొట్టింది. 4-2. గ్రెనెడా కోచ్ మమ్మల్ని మోసం చేసినారని మొత్తుకున్నాడు. బార్బడోస్‌కు ఏ శిక్షా పడలేదు.

ఇది ఇప్పుడు ఎందుకు తీసినానంటే, సంక్రాంతి సెలవుల్లో మేము నడిపే సెవెన్స్‌కు (జట్టుకు ఏడుగురు ఆడే ఫుట్‌బాల్ పోటీ) ఈసారి 8 టీములు. కమిటీలో ఒకాయన "డ్రా అయితే గోల్డెన్ గోలు పెడదాం, దానికి రెండు లెక్కేద్దాం, జనం ఊగిపోతారు" అంటాండాడు. నేను ఈ కథ చెప్పి వద్దన్నా. నా మటుకు బార్బడోస్ తప్పేమీ లేదు. వాళ్లకు గెలుపు కావాల, రూలు ఆ దారి చూపించింది, ఆ దారిలో పోయినారు. మీరేమంటారు?

బురుజు బ్యాక్, కర్నూలు · 9:41

తప్పు కాదని ఎట్లంటావన్నా? పదకొండు మందిని నిలబెట్టేది గోలు కాపాడ్డానికి. కాపాడాల్సినోడే బాలును లోపలికి తోస్తే కంచే చేను మేసినట్టు కాదా? నేను పదేళ్లు డిఫెన్స్‌లో ఆడినా. పొరపాటున నా కాలికి తగిలి సొంత గోలు పడితే ఆ రాత్రి అన్నం సయించేది కాదు. కావాలని వేసుకునేదాన్ని తెలివి అంటే నాకు మింగుడు పడదు.

కడప కార్నర్ · 9:48

రూలులో లేదు కదా అని చేసిన పనులు చాలా ఉన్నాయి. 1981లో మెల్‌బోర్న్‌లో క్రికెట్ మ్యాచ్, ఆస్ట్రేలియా బౌలరు ట్రెవర్ చాపెల్ ఆఖరి బంతిని నేల మీద దొర్లించినాడు, న్యూజిలాండ్ వాళ్లు సిక్స్ కొట్టకూడదని. ఆనాటికి ఆ పోటీలో అది తప్పు కాదు. అయినా 40 ఏళ్లు దాటినా జనం మర్చిపోలేదు. 1982 వరల్డ్ కప్‌లో జర్మనీ, ఆస్ట్రియా మ్యాచ్ అంతే. పదో నిమిషంలో జర్మనీ ఒకటి కొట్టింది. ఆ 1-0తో ఇద్దరూ ముందుకు పోతారు. మిగిలిన టైమంతా నడిమిట్లో అటూ ఇటూ పాసులిచ్చుకున్నారు. ముందురోజే తన మ్యాచ్ ఆడేసి కూర్చున్న అల్జీరియా ఇంటికి పోయింది. తర్వాతి వరల్డ్ కప్ నుంచి గ్రూపులో ఆఖరి రెండు మ్యాచులూ ఒకే టైముకు పెడతాండారు.

టవర్‌క్లాక్_9 · 10:02

కార్నర్ తమ్ముడూ, నువ్వు చెప్పిన జర్మనీ కథకు, బార్బడోస్‌కు తేడా ఉంది. అక్కడ ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఆడి మూడోవాణ్ణి ముంచినారు. ఇక్కడ ప్యూర్టో రికో ఆశలు ముందే పోయినాయి. ఉన్నది ఇద్దరే, ఇద్దరూ కడదాకా కొట్లాడినారు.

నన్నడిగితే అసలు తప్పు 1998లో ఆగ్నేయాసియా దేశాల టైగర్ కప్‌లో జరిగింది. థాయ్‌లాండ్, ఇండోనేషియా రెండూ అప్పటికే సెమీస్‌కు చేరినాయి. గెలిచినోడు వియత్నాంతో వాళ్ల గడ్డ మీదే ఆడాల, ఓడినోడికి సింగపూర్. ఇద్దరికీ ఓడాలని ఉంది. స్కోరు 2-2 ఉండగా చివర్లో ఇండోనేషియా ఆటగాడు ముర్సిద్ ఎఫెండీ కావాలని సొంత గోల్లో కొట్టినాడు. అతనికి అంతర్జాతీయ ఆట జీవితాంతం బంద్. ఇంత చేసినా ఇండోనేషియా సింగపూర్ చేతిలో ఓడింది, థాయ్‌లాండ్ వియత్నాం చేతిలో ఓడింది. కప్పు సింగపూర్ ఎత్తుకుపోయింది.

వీళ్లు ఓడిపోవడానికి వేసుకున్నారు. బార్బడోస్ గెలవడానికి వేసుకుంది. రెండూ ఒకటెట్లా అవుతాయి?

గుత్తి కుర్రోడు · 10:09

దీనికి సంబంధం లేదు గానీ, ఆఫ్ టాపిక్ అన్నారు కాబట్టి చెప్తా. 2020 అక్టోబరులో స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్ మ్యాచ్. కరోనా వల్ల జనం లేరు, ఇళ్లలో లైవ్ చూస్తాండారు. కెమెరా మనిషి బదులు బాలును తానే వెతుక్కునే కంప్యూటర్ కెమెరా పెట్టినారు. అది లైన్స్‌మన్ బట్టతలను బాలు అనుకుని ఆయన ఎటు పోతే అటు తిరిగింది. గోలు కాడ ఏం జరుగుతాందో ఎవరికీ కనపడలేదంట. ఇంకోటి: 2009లో సండర్‌లాండ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో బీచ్ బాలుకు తగిలి పోయిన గోలు ఇచ్చినారు కదా, అది రూలు ప్రకారం చెల్లుతుందా సార్?

పీఈటీ సార్ (రిటైర్డ్) · 10:30

ముందు కుర్రోడికి జవాబు. చెల్లదు నాయనా. బయటి వస్తువు తగిలి బాలు దారి మళ్లితే ఆట ఆపి డ్రాప్ బాల్ ఇయ్యాల. ఆ రోజు రెఫరీ పొరబడినాడు, ఆ ఒక్క గోలుతోనే సండర్‌లాండ్ గెలిచింది. బీచ్ బాలు విసిరింది లివర్‌పూల్ అభిమానే.

ఇప్పుడు బార్బడోస్ మాట. ఫుట్‌బాల్ చట్టం ఆగిన బాలుతో సొంత గోలు ఒప్పుకోదు. ఫ్రీ కిక్కు నేరుగా సొంత నెట్‌లోకి కొట్టినా, త్రో నేరుగా విసిరినా గోలు ఇయ్యరు, ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారు. నడుస్తున్న ఆటలో పడితే మాత్రం గోలే. కావాలని వేసినాడా, జారి పడిందా అని రెఫరీ మనసులో దూరి చూడలేడు. అందుకే ఆ రోజు రెఫరీ చేయగలిగింది ఏమీ లేదు.

గోల్డెన్ గోలునే 2004లో తీసేసినారు. రెండు లెక్కేసే తతంగం మీ సెవెన్స్‌లో పెట్టొద్దు. 31 ఏళ్లు ఈల ఊదిన అనుభవంతో చెప్తాండా.

బురుజు బ్యాక్ · 10:44

సార్, మీ మాట శిరసావహిస్తా. కానీ టవర్‌క్లాక్ అన్న చెప్పే గెలవడానికి, ఓడడానికి అన్న తేడా నాకు నిలబడేట్టు కనపడదు. 2012 లండన్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో నాలుగు జోడీలను ఇంటికి పంపించినారు. వాళ్లు ఒక మ్యాచ్ ఓడాలని చూసినారు గానీ ఎందుకు? తర్వాత సులువైన జోడీ ఎదురుపడి పతకం గెలవాలని. వాళ్ల లెక్కలో అదీ గెలుపు కోసమే కదా! ఇండోనేషియా కూడా సెమీస్ గెలవాలనే ఓడింది. కొంచెం దూరం చూస్తే అందరూ గెలవడానికే చేస్తాండారు.

ఉరుగ్వే ఆటగాడు సువారెజ్‌ను తిట్టుకుంటాం. 2010 వరల్డ్ కప్‌లో ఘనా గోలును చేత్తో ఆపినాడు. రెడ్ కార్డు పడింది, పెనాల్టీ పడింది. ఘనా ఆటగాడు గ్యాన్ ఆ పెనాల్టీని గోలు బారుకు కొట్టినాడు, అది వేరే బాధ. కనీసం సువారెజ్ చేసిన తప్పుకు చట్టంలో శిక్ష ఉంది, అది అనుభవించినాడు. సీలీకి ఏ శిక్షా లేదు.

కడప కార్నర్ · 10:51

బ్యాక్ మామ చెప్పింది ఆలోచించాల్సిన మాటే. 2018 వరల్డ్ కప్‌లో జపాన్ గుర్తొచ్చింది. పోలండ్ మీద 1-0తో ఓడిపోతా, ఆఖర్న తమలో తామే బాలు తిప్పుకుంటా టైము గడిపినారు. సెనెగల్ కంటే తమకు రెండు పసుపు కార్డులు తక్కువ అని. ఫెయిర్ ప్లే లెక్క మీద పైకి పోయినారు. స్టేడియమంతా ఈలలు వేసింది.

ధర్మవరం గోలీ · 11:16

చదివి ఊరుకుందామనుకున్నా, కుదర్లేదు.

2013లో నేను తొమ్మిదో తరగతి. బడి ఆడపిల్లల టోర్నీ, నేను కీపర్. గ్రూపులో ఆఖరి మ్యాచ్. అప్పటికే సెమీస్ ఖాయం. మొదటి స్థానంలో నిలిస్తే సెమీస్‌లో ఒక గట్టి జట్టు తగుల్తుంది, రెండో స్థానమైతే తేలిక జట్టు. బ్రేకులో మా కోచ్ నన్ను పక్కకు పిలిచి, "వచ్చేదాన్ని వచ్చినట్టు వదిలేయమ్మా, ఒక్కటే" అన్నాడు. మిగతా పిల్లలకు చెప్పలేదు. నాకు మాత్రమే చెప్పినాడు.

ఎదుటోళ్లు అప్పటిదాకా ఆ టోర్నీలో ఒక్క గోలూ కొట్టలేదు. వాళ్లలో ఒక సన్నపాటి పిల్ల, కాళ్లకు బూట్లు లేవు, మోకాలి దాకా ఎర్రమట్టి. పన్నెండు గజాల నుంచి కొట్టింది. బాలులో జోరు లేదు. దాని కుట్టు ఒకచోట ఊడింది. దొర్లే కొద్దీ ఆ ఊడిన చోటు పైకొస్తా, కిందికి పోతా కనపడింది. నేను దాన్నే చూస్తా నిలబడినా. కుడికాలు జానెడు పక్కకు జరిపితే చాలు, ఆగిపోయేది. కాలు జరపలేదు. సున్నం గీత దాటేటప్పుడు బాలుకు తెల్లగా సున్నం అంటింది, అది ఇప్పటికీ కళ్లల్లో ఉంది.

మ్యాచ్ అయిపోయినాక ఆ పిల్ల నా కాడికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ మీద గోలు కొట్టినా! మా నాయనకు చెప్తా" అనింది. దాని చెయ్యి ఒణుకుతాంది. నేను బాగా కొట్టినావు అన్నా. ఇంకేమనేది?

ఆ రోజు మా జట్టు పిల్లల్లో ఒకమ్మాయి గోలు పడిందని ఏడ్చింది. దానికీ చెప్పలేదు.

టవర్‌క్లాక్ అన్నా, బ్యాక్ అన్నా, గెలుపు కోసమా ఓటమి కోసమా అని మీరిద్దరూ వాదిస్తాండారు. నేను చూసేది వేరే. సీలీ సొంత నెట్‌లో కొట్టినప్పుడు ఏం జరుగుతాందో మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. గ్రెనెడా వాళ్లు వెంటనే తిరగబడి రెండు పక్కలా పరిగెత్తినారు. వాళ్లకు ఆడే అవకాశం మిగిలింది. అందుకే బార్బడోస్ మీద నాకు కోపం రాదు, ఆ రూలు రాసినోళ్ల మీద వస్తుంది. నేను చేసింది మాత్రం ఎవరికీ తెలియకుండా చేసినా. ఆ పిల్ల మొదటి గోలును నేను కల్తీ చేసినా. ఆమెకు ఇప్పటికీ తెలీదు.

టవర్‌క్లాక్_9 · 11:25

అక్కా... సెమీస్ ఏమైంది?

ధర్మవరం గోలీ · 11:27

1-0తో ఓడిపోయినాం. తేలిక జట్టు అనుకున్నవాళ్ల చేతుల్లోనే.

గుత్తి కుర్రోడు · 11:31

అక్కా, మీరు 14 ఏళ్ల పిల్ల. చెప్పినోడు పెద్దాయన. అది మీ తప్పెట్లా అవుతుంది?

పీఈటీ సార్ (రిటైర్డ్) · 11:38

కుర్రోడు సరిగా అన్నాడమ్మా. ఆ వయసు పిల్లతో ఆ మాట అనడం కోచ్ చేయాల్సిన పని కాదు. నా సర్వీసులో నేను కూడా మ్యాచ్ ముందు రోజు రాత్రి పట్టిక ముందర పెట్టుకుని ఎవరితో పడితే మంచిదని లెక్కలేసిన రోజులున్నాయి. పిల్లలకు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ వయసులో నిద్ర పట్టేది కాదు.

బురుజు బ్యాక్ · 11:52

గోలీ చెల్లెమ్మా, నీ మాట తర్వాత నేను సగం దిగొచ్చినా. బార్బడోస్‌ను మోసం అనను. తప్పు అనడం మాత్రం మానను. డిఫెండరు సొంత గోలు వైపు తిరిగి నిలబడి కొట్టే దృశ్యం నాకు ఏ కారణం చెప్పినా ఒప్పదు. అది నా కాళ్లలో ఉన్న అలవాటు, వాదనతో పోయేది కాదు.

టవర్‌క్లాక్_9 · శనివారం ఉదయం 7:10

ఒప్పుకోకు బ్యాక్ అన్నా, నేనూ నా మాట మీదే ఉన్నా. బార్బడోస్ చేసింది తెలివే. కానీ అటువంటి తెలివి అవసరమయ్యే టోర్నీ నేను నడపను. రాత్రి కమిటీతో మాట్లాడినా. గోల్డెన్ గోలు లేదు, రెండు లెక్క లేదు. గ్రూపులో డ్రా అయితే డ్రానే, చెరొక పాయింటు. నాకౌటులో డ్రా అయితే నేరుగా పెనాల్టీలు. సెమీస్ ఎవరితో ఎవరికి అన్నది గ్రూపులు అయిపోయినాక, జట్లన్నీ నిలబడి చూస్తాండగా చీటీ తీసి తేలుస్తాం. అప్పుడు ఎవరూ ఎవరినీ ఎంచుకోలేరు. గోలీ అక్క కథ విన్నాక తట్టిన ఆలోచన ఇది.

ఆఖరి రెండు మ్యాచులూ ఒకే టైముకు పెట్టాలంటే రెండో గ్రౌండు కావాల. బడి వెనకాల ఖాళీ స్థలం ఉంది, కంప చెట్లు కొట్టి రాళ్లు ఏరాల. నెట్లు ఒక్క జతే ఉన్నాయి. ఎవరి దగ్గరైనా ఇంకో జత ఉంటే చెప్పండి. సార్, ఒక గ్రౌండుకు మీరు ఈల పట్టాల.

పీఈటీ సార్ (రిటైర్డ్) · 7:34

పడతా. రెండో గ్రౌండుకు గోలీ అమ్మాయిని అడుగు.

ధర్మవరం గోలీ · 8:05

వస్తా సార్. నెట్లు మా ఊర్లో ఒక జత ఉన్నాయి, రెండు చోట్ల చిరిగినాయి. ఆదివారం కూర్చుని నైలాన్ తాడుతో అల్లి తెస్తా.