ఖననం అంటే పూడ్చడమా, తవ్వడమా?

ప్రశ్న: చరిత్రపూర్వ యుగపు అంత్యక్రియల గురించి రాసేటప్పుడు దహనం, ఖననం అని రెండు వర్గాలు చేస్తున్నాం. కాలిన ఎముకలు గుంతలో దొరికితే దాన్ని ఏమనాలి?

జవాబు: ముందు మాటలను చూద్దాం. ఖననానికి మూలమైన 'ఖన్' ధాతువుకు తవ్వడమని అర్థం. మనం 'గని' అంటున్నది కూడా దాన్నుంచి వచ్చిన 'ఖని'యే. శవాన్ని పూడ్చడమన్న అర్థం వాడుకలో స్థిరపడింది. పూడ్చడం చివరి పనిని చెబితే ఖననం మొదటి పనిని చెబుతుంది, పురావస్తు పరిశోధకులు నిరూపించవలసింది ఆ మొదటి పనినే. గుహ పైకప్పు కూలినా, వరద ఒండ్రు కప్పినా అస్థిపంజరం పూడుకుపోతుంది, కాని అది ఖననం కాదు. పాత పొరను కోసుకుంటూ దిగిన గుంత అంచు కనిపించి, లోపలి మట్టి రంగు, బిగువు చుట్టుపక్కల మట్టికి భిన్నంగా ఉంటే, ఎవరో తవ్వారని ధైర్యంగా చెప్పవచ్చు. ఇజ్రాయెల్‌లోని కఫ్జే గుహలో సుమారు 90,000 నుంచి 1,00,000 ఏళ్ల కిందటి ఒక పిల్లవాడి రొమ్ము మీద జింక కొమ్ములు దొరికాయి. అలాంటి చోట ఖననమన్న మాటకు సందేహించనక్కరలేదు.

దహనం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎముక మొదట నల్లబడి, వేడి పెరిగిన కొద్దీ బూడిదరంగుకు తిరిగి, సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటాక సుద్దలా తెల్లబడుతుంది. అయితే రంగు వేడిని చెబుతుందే గాని, కాలింది దేహమా, ఎండిన ఎముకా అన్నది చెప్పదు. కండ ఉండగా కాలిన ఎముక మెలిదిరిగి, అడ్డంగా గోటి ఆకారపు వంపు పగుళ్లు తీస్తుంది. ఎండిన ఎముకలో పగుళ్లు ఎక్కువగా నిలువునా సాగుతాయి. అందుకే 'కాలిన ఎముకలు' అన్నచోటల్లా 'దహన సంస్కారం' అని రాయడం నాకు సమ్మతం కాదు. పొయ్యి పక్కన పడివున్న ఎముక కూడా కాలుతుంది.

ఇక మీరడిగిన సందర్భానికి ఆస్ట్రేలియాలోని ముంగో సరస్సు చక్కని ఉదాహరణ. 1968లో అక్కడ బయటపడిన స్త్రీ అవశేషాలు సుమారు 40,000 ఏళ్ల నాటివి. ఆమె దేహాన్ని దహనం చేసి, మిగిలిన ఎముకలను పగులగొట్టి, చిన్న గుంతలో ఉంచారు. ఆ దగ్గరలోనే 1974లో దొరికిన పురుషుణ్ణి కాల్చకుండా, ఎర్రని కావిరాయి పొడి చల్లి పూడ్చారు. అంటే ఒకే సీమలో రెండు పద్ధతులూ ఉండగా, ఆ స్త్రీ విషయంలో రెండూ ఒక్క దేహానికే జరిగాయి. దహనం, ఖననం పరస్పర విరుద్ధ పదాలు కావు గనుక, ఆమెకు జరిగినదాన్ని 'దహనానంతర ఖననం' అనడం సబబు. సమాసం బరువనుకుంటే 'కాల్చి పూడ్చడం' అన్నా అర్థం చెడదు.