డబ్లిన్ దగ్గరి మాలహైడ్ తీరంలో పెద్దవాళ్లు గాలి కొట్టకుండా కూర్చునే చోటుందా?

డబ్లిన్‌లో ఉంటున్నాం, కారు లేదు. అమ్మానాన్న వచ్చి మూడు వారాలైంది. అమ్మకు మోకాళ్ల నొప్పి. చదును నేల మీద 15 నిమిషాలు నడవగలదు, ఎత్తు మాత్రం ఎక్కలేదు. షుగర్ ఉంది కాబట్టి ముప్పావు గంటకోసారి టాయిలెట్ కావాలి. రెండేళ్ల పాపకు స్ట్రాలర్ తప్పదు.

మొదటి ఆదివారం డార్ట్ అనే లోకల్ రైల్లో హౌత్ అనే రేవు ఊరికి వెళ్లాం. రేవులో సీల్స్ తలలెత్తి చూస్తుంటే అమ్మ సంబరపడిపోయింది. అక్కడితో ఆపాల్సింది. కొండ అంచు దారి చూపిద్దామని బాల్స్‌కాడెన్ రోడ్డు ఎక్కించాను (తప్పు నాదే), సగంలోనే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

తర్వాతి వారం డన్ లేరీ ఈస్ట్ పియర్ (సముద్రంలోకి చొచ్చుకెళ్లే రాతి గట్టు). రానూపోనూ 2.6 కిలోమీటర్లు, చదునే. కానీ ఆ గాలి! పులిహోర డబ్బా మూత తీయగానే మెతుకులు ఎగిరి నాన్న స్వెటర్‌కు అతుక్కున్నాయి. అమ్మ కొంగు తలకు చుట్టుకుని, 20 నిమిషాలకే "ఇంటికి పోదాం పదరా" అంది. బ్రే అనే ఊరి తీరం కూడా చూశాం, ఎండ కాసిన ఆదివారం కావడంతో జనంలో స్ట్రాలర్ కదల్లేదు.

ఈసారి మాలహైడ్ అనుకుంటున్నాం. అక్కడినుంచి పోర్ట్‌మార్నాక్ వైపు తీరం వెంట నడకదారి ఉంది. నేను దాని మీద అరగంట పరుగెత్తి వచ్చేలోపు వీళ్లు ఓచోట కూర్చోవాలి.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: మాలహైడ్ స్టేషన్ నుంచి 15 నిమిషాల నడకలో, సముద్రం కనబడుతూ, గాలి అంతగా తగలకుండా, దగ్గర్లో టాయిలెట్ ఉన్న బెంచీ సరిగ్గా ఎక్కడుంది?